తొమ్మిదో పేరా

ఆ పేరా నేనే కొట్టిన.
హన్మకొండ అదాలత్ కాడ, జిరాక్సు షాపు మెట్ల పక్కన
వానొస్తే కీబోర్డుకు పాలిథిన్ కవర్ కప్పే బల్ల నాది.
పేజీకి ముప్ఫై.
స్టాంపు పేపరు వేరే లెక్క.

"సదరు డాక్టరు కొలువు విడిచిన నాటి నుండి
రెండు సంవత్సరముల పాటు
ఆసుపత్రికి పదిహేను కిలోమీటర్ల లోపల
ఎచ్చటనూ, ఏ రూపమునందునూ వైద్యము చేయరాదు."
'వైద్యము' కాడ ఒత్తు తప్పు పడ్డది, దిద్దిన.
తక్కినదంత సక్కగనే ఉన్నదనుకున్న.

సంతకం పెట్టింది రాపోలు వాసంతి.
కొత్తవాడల మగ్గాల చప్పుడు నడుమ చదివి
కిడ్నీల డాక్టరై వచ్చిన పిల్ల.
పెన్ను కూడా నాదే అడిగింది.
పద్నాలుగు పేజీలు, పద్నాలుగు సంతకాలు.
చదవలే.
కొలువు దొరికిన దినం
అక్షరాల మీద ఎవరి కండ్లు నిలుస్తయి?

చెప్పుడు మరిచిన, నేనూ ఆమె పేషెంటునే.
మంగళారం, శుక్రారం
నయీంనగర్ అద్దాల దవాఖానల నాలుగేసి గంటలు
నా నెత్తురు బయటికి పోయి, కడుక్కొని, ఇంటికొచ్చేది.
"నీళ్లెన్ని తాగినవు నర్సింగం బాపూ?"
రెండు గ్లాసులంటే
ఏం మాట్లాడకుండ నా చీలమండ మీద వేలు ఒత్తేది.
గుంత పడేది. అబద్ధం లోతెంతో ఇద్దరం చూసేది.

పేషెంటుకు ఇన్ని టెస్టులు రాయాల్నని
పై నుంచి లెక్క వచ్చిందట.
రాయనన్నది. విడిచింది.

ఆ రాత్రి మనుమరాలి జామెట్రీ బాక్సు తీసి
జిల్లా మ్యాపు మీద కంపాసు పెట్టి గిర్రున తిప్పిన.
కాజీపేట రైల్వే క్వార్టర్లు లోపలనే.
మట్టెవాడ లోపల.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి ఘాటుకు దగ్గే హమాలీలు లోపల.
కొత్తవాడల వాళ్లమ్మ మగ్గం గుంత, అది కూడా లోపలనే.
నాకున్న రోగమూ లోపలనే ఉండె,
దాన్ని ఎవ్వరూ సంతకం అడగలే.

ఆమె దామెర దాటినంక
పురుగుమందుల దుకాణం ఎనుక ఒక గది తీసుకున్నది.
పదహారో కిలోమీటరు. నేను ఆటో మీటర్ల చూసిన.
మేం బస్సెక్కి పోయేది.
దిగి, కాసేపు రోడ్డు పక్కన కూసుండి
ఊపిరి కూడగట్టుకొని లోపలికి పోయేది.

ఇంతల నోటీసు:
రోడ్డు మీద పదహారే గాని
మ్యాపుల సూటిగ గీస్తే పద్నాలుగున్నర అట.
మేమేమన్న గాలిల పోతమా డాక్టరు కాడికి?

వకీలు ముజీబ్ సాబ్ నోటీసు చదివి, నవ్వి, ముక్కుపొడి పీల్చిండు.
"ఇంగ్లీషోడి కాలం చట్టం, ఇరవయ్యేడో సెక్షను.
మనిషిని తన పని చేసుకోనియ్యని ఒప్పందం
ఎంత మేరకు ఆపితే అంత మేరకు చెల్లదు."
"చెల్లనిది మరెందుకు రాయిస్తరు సాబ్?"
"గెలవనీకి కాదు నర్సింగం.
చేనుల దిష్టిబొమ్మకు చేతులు ఆడవని
పిట్టకు తెలిసేదాక
చేను దానిదే."

జవాబు నేనే కొట్టిన. రెండు పేజీలు.
పైసలొద్దన్న.
స్టాప్లరు కింద అరవై పెట్టి పోయింది.
కేసు ఇంకా వాయిదాలల్లనే ఉన్నది.
అద్దాల దవాఖానల కొత్త డాక్టరు మంచోడే,
ప్రతి మంగళారం నా పేరు అడుగుతడు.

నిన్న పొద్దుగాల ఆ దవాఖాన మేనేజరు వచ్చిండు.
ఎంబడి గడ్డం సరిగ్గ మొలవని ఒక డాక్టరు పిలగాడు.
"పాతదే తియ్యి, పేరు మార్చితే చాలు."
తీసిన. మార్చిన.
ప్రింటరు పద్నాలుగు కాయితాలు కక్కింది, ఇంక వేడిగనే ఉన్నయి.
మేనేజరు ఫోను పట్టుకొని రోడ్డు అవతలికి పోయిండు.

"అంకుల్, పెన్నుందా?"

ఉన్నది.
అంగి జేబులనే ఉన్నది.

"ముందుగాల తొమ్మిదోది చదువు బిడ్డా,
నేను చాయ్ తాగొస్త."